కొరియా నేతలను తెలుగు వార్తల్లో ఎలా ప్రస్తావించాలి: పేరు, హోదా, క్రియ

ఉత్తర కొరియా క్షిపణి ప్రయోగించినప్పుడల్లా ‘కిమ్ కర్తవ్యం?’ అనో, ‘కిమ్మనని కిమ్’ అనో హెడ్డింగ్ పెట్టాలన్న ఉబలాటం తెలుగు డెస్కులో ఎవరికో ఒకరికి కలుగుతుంది. చమత్కారం బాగానే ఉంటుంది గానీ, దాని కింద నడిచే వార్తలో అదే మనిషి ఒక పేరాలో అధ్యక్షుడు, తర్వాతి పేరాలో నియంత, ఆ తర్వాత సుప్రీం లీడర్ అయిపోతుంటాడు. ఒకచోట ‘హెచ్చరించారు’ అని, నాలుగు వాక్యాల తర్వాత ‘హెచ్చరించాడు’ అని కనిపిస్తుంది. ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీకి ఈ ఇబ్బంది లేదు. అక్కడ క్రియకు మర్యాద తెలియదు. తెలుగు వాక్యం మాత్రం చివరికి వచ్చేసరికి గౌరవమో, చనువో, తిరస్కారమో ఏదో ఒకటి తేల్చి తీరాలి. కాబట్టి కొరియా వార్తను తెలుగులో రాసేవారు పేరు, ఉచ్చారణ, హోదా, బంధుత్వం, క్రియ అనే అయిదు విషయాలను వరుసగా తేల్చుకుని కలం పట్టడం మంచిది. ఆ వరుసలోనే ఈ మార్గదర్శి నడుస్తుంది.

మొదటి అడుగు: ఇంటిపేరు ఏదో గుర్తించడం

కొరియా పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. నందమూరి తారక రామారావు అని రాసుకునే మనకు ఇది వింత కాదు. నిజానికి ఇంగ్లిష్ పాఠకుడికంటే తెలుగు పాఠకుడికే ఈ అమరిక సులువుగా ఎక్కాలి. సాధారణంగా ఇంటిపేరు ఒక అక్షరఖండం, సొంత పేరు రెండు అక్షరఖండాలు. కిమ్ జోంగ్ ఉన్‌లో ‘కిమ్’ ఇంటిపేరు, ‘జోంగ్ ఉన్’ మొత్తం కలిపి ఒకే పేరు. దక్షిణ కొరియా అధ్యక్షుడు లీ జే మ్యుంగ్‌లో ‘లీ’ ఇంటిపేరు. అందువల్ల ‘అధ్యక్షుడు ఉన్’ అని గానీ, ‘మ్యుంగ్ ప్రకటించారు’ అని గానీ రాయడం పేరును సగానికి నరికినట్టే.

పోలిక ఇక్కడితో ఆగుతుందని గుర్తుంచుకోవాలి. మనం ఇంటిపేరు ముందు పెట్టినా, రెండోసారి ప్రస్తావించేటప్పుడు సొంత పేరే వాడతాం. నారా చంద్రబాబు నాయుడు తర్వాతి వాక్యంలో చంద్రబాబు అవుతారే తప్ప ‘నారా’ అవరు. కొరియన్లు దీనికి విరుద్ధం. వారి వార్తల్లో రెండో ప్రస్తావన ఇంటిపేరూ పదవీ కలిసి ఉంటుంది. అంటే తెలుగులో ‘అధ్యక్షుడు లీ’ అనడమే అక్కడి పద్ధతికి దగ్గర. మన అలవాటు చొప్పున ‘జే మ్యుంగ్’ అని రాస్తే అది ఇంట్లోవాళ్లు పిలిచినట్టు వినిపిస్తుంది.

మినహాయింపులు కొన్నే. దక్షిణ కొరియా తొలి అధ్యక్షుడు సింగ్మన్ రీ పేరు పాశ్చాత్య వరుసలో స్థిరపడిపోయింది. అందులో ‘రీ’ ఇంటిపేరు. 2004లో తాత్కాలిక అధ్యక్షుడిగా వ్యవహరించిన గో కున్‌కు సొంత పేరు ఒక్క అక్షరఖండమే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన బాన్ కీ మూన్‌ను ‘మూన్’ అని రాస్తే, తర్వాత అధ్యక్షుడైన మూన్ జే ఇన్ అనుకునే ప్రమాదం ఉంది. ఆయన ‘బాన్’.

పెళ్లయినా స్త్రీల ఇంటిపేరు మారదు. మూన్ జే ఇన్ భార్య కిమ్ జుంగ్ సూక్, మరో మాజీ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ భార్య కిమ్ కియోన్ హీ, లీ జే మ్యుంగ్ భార్య కిమ్ హే క్యుంగ్. ముగ్గురూ కిమ్‌లే, ముగ్గురికీ ఉత్తర కొరియా పాలక కుటుంబంతో సంబంధం లేదు. 2018 నవంబరులో కిమ్ జుంగ్ సూక్ అయోధ్య దీపోత్సవానికి వచ్చినప్పటి వార్తను ఇప్పుడు తిరగరాయాల్సి వస్తే, ‘శ్రీమతి మూన్’ అన్నా తప్పే, ఒట్టి ‘కిమ్’ అన్నా అయోమయమే.

రెండో అడుగు: ఏ కిమ్ అన్నది తేల్చడం

2015 జనగణన ప్రకారం దక్షిణ కొరియాలో ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా కిమ్‌లు. లీ, పార్క్‌లను కూడా కలిపితే ఆ మూడు ఇంటిపేర్లే జనాభాలో దాదాపు 45 శాతం. కాబట్టి ‘కిమ్’ అంటే జోంగ్ ఉన్ ఒక్కడే అన్న మన పాఠకుడి ఊహ సగం వార్తలకే సరిపోతుంది. 2000 జూన్‌లో ప్యాంగ్యాంగ్‌లో జరిగిన ఉభయ కొరియాల తొలి శిఖరాగ్ర సమావేశంలో కరచాలనం చేసుకున్నవారు దక్షిణ కొరియా అధ్యక్షుడు కిమ్ డే జుంగ్, ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఇల్. ఆ వార్తలో ‘కిమ్ అన్నారు’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఒకే వార్తలో ఇద్దరు కిమ్‌లు ఉంటే ప్రతిసారీ పూర్తి పేరు రాయడమే మార్గం; విసుగనిపించినా సరే.

దక్షిణ కొరియా పత్రికలు ఈ చిక్కుకు తమదైన దారి వెతుక్కున్నాయి. అధ్యక్షులుగా పనిచేసిన కిమ్ యంగ్ సామ్‌ను వైఎస్ అనీ, కిమ్ డే జుంగ్‌ను డీజే అనీ, ప్రధానిగా పనిచేసిన కిమ్ జోంగ్ పిల్‌ను జేపీ అనీ పొడి అక్షరాలతో పిలిచాయి. ఈ ముగ్గురి కాలాన్ని ‘మూడు కిమ్‌ల యుగం’ అన్నాయి. మరో మాజీ అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్ అక్కడ ఎంబీ. ఎన్టీఆర్, కేసీఆర్ అని పిలవడం మరిగిన మనకు ఈ పద్ధతి తెగ నచ్చుతుంది గానీ, తెలుగు వార్తలో ‘వైఎస్’ అని పెడితే పాఠకుడి మనసు పులివెందుల దాకా వెళ్లి వస్తుంది. ఆ పొడి అక్షరాలను అక్కడే వదిలేయాలి.

మూడో అడుగు: తెలుగు లిపిలో పేరు రాయడం

మన వర్ణమాల కొరియా ధ్వనులకు ఇంగ్లిష్‌కంటే ఎక్కువ అనుకూలమైనది. అయినా మనం ఇంగ్లిష్ అక్షరాలను చూసి రాస్తాం కాబట్టి, అక్కడి తికమకలన్నీ మనకూ సంక్రమిస్తాయి. ఇంగ్లిష్‌లో ‘ఇ’, ‘ఓ’ అక్షరాలను పక్కపక్కన పెట్టి రాసేది కొరియన్‌లో ఒకే అచ్చు, మన అ, ఒలకు మధ్యన పలుకుతుంది. దాన్ని ‘ఇయో’ అని విడదీయడం వల్లే వాళ్ల ‘సొఉల్’ మనకు సియోల్ అయింది. అలాగే ‘ఇ’, ‘యు’ అక్షరాల జంట పెదవులు సున్నా చుట్టకుండా పలికే ఒక ‘ఉ’. ఆ సంగతి తెలియక మాజీ అధ్యక్షురాలు పార్క్ గున్ హే కాస్తా కొన్నిచోట్ల ‘గ్యున్ హై’ అయిపోయారు.

ఇంటిపేర్లలోనూ ఇలాంటి మాయలున్నాయి. ‘పార్క్’లో కొరియన్లు రేఫను పలకరు, అది ‘పాక్’. ‘లీ’ని దక్షిణాన ‘ఈ’ అంటారు, ఉత్తరాన ‘రి’ అంటారు. కిమ్ జోంగ్ ఉన్ భార్య రి సోల్ జు ఇంటిపేరూ, అధ్యక్షుడు లీ ఇంటిపేరూ మూలంలో ఒకటే. మాజీ అధ్యక్షుడు రో మూ హ్యున్‌ను దక్షిణ కొరియాలో ‘నో’ అనే పిలుస్తారు. చోయ్ అని మనం రాసేది ‘ఛ్వే’కు దగ్గర. పదం మొదట్లో పరుషంగా వినిపించే హల్లు రెండు అచ్చుల మధ్యకు రాగానే సరళమైపోవడం మరో విశేషం. సరళాదేశ సంధి చదువుకున్నవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు.

మరి వీటన్నిటినీ సరిదిద్దాలా? నా అభిప్రాయం వద్దనే. సియోల్, పార్క్, లీ పాఠకుడి కంటికి అలవాటైపోయాయి. ఇవాళ ‘అధ్యక్షుడు ఈ’ అని రాస్తే వాక్యమే విరిగిపోతుంది. స్థిరపడిన పేర్లను అలాగే ఉంచి, కొత్తగా వచ్చే పేర్లను మాత్రం కొరియన్ ఉచ్చారణ విని రాయడం ఆచరణకు వీలైన పద్ధతి. ఇంగ్లిష్‌లో దక్షిణ కొరియా పేర్లకు మధ్యలో అడ్డుగీత పెడతారు, ఉత్తర కొరియా పేర్లను మూడు విడి మాటలుగా రాస్తారు; తెలుగులో అడ్డుగీత అవసరం లేదు, రెండింటికీ మూడు విడి మాటలు చాలు. ఒక సౌకర్యం కూడా ఉంది. ఇంగ్లిష్‌లో కిమ్ జోంగ్ ఉన్ తండ్రి కిమ్ జోంగ్ ఇల్ పేరు చివరి ‘ఇల్’ రోమన్ అంకె రెండులా కనిపించి, ‘రెండో కిమ్ జోంగ్’ అని చదివేసినవారున్నారు. మన లిపిలో ఆ బాధ లేదు.

నాలుగో అడుగు: హోదా

అసలు కష్టమంతా ఇక్కడుంది. ‘అధ్యక్షుడు’ అనే ఒక్క తెలుగు మాట కింద కొరియన్‌లో మూడు వేర్వేరు మాటలు దాక్కుంటాయి. ఎన్నికై వచ్చే దక్షిణ కొరియా అధ్యక్షుడు ‘తేథోంగ్‌న్యోంగ్’. కిమ్ ఇల్ సంగ్ 1972 నుంచి 1994లో మరణించేవరకు వహించిన పదవి ‘జుసోక్’. చైనా అధ్యక్షుడికి కూడా కొరియన్‌లో ఇదే మాట. సంఘానికో కమిషన్‌కో అధిపతి అయితే ‘వివొన్‌జాంగ్’, అంటే మన ఛైర్మన్.

కిమ్ ఇల్ సంగ్ మరణించాక ఆయన కుర్చీలో మరొకరు కూర్చోలేదు. 1998 రాజ్యాంగం ఆ పదవిని తీసేసి ఆయనను శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటించింది. కుమారుడు కిమ్ జోంగ్ ఇల్ జాతీయ రక్షణ కమిషన్ ఛైర్మన్‌గా, అధికార వర్కర్స్ పార్టీ ప్రధాన కార్యదర్శిగా దేశాన్ని ఏలారు తప్ప, ఏనాడూ ‘జుసోక్’ కాలేదు. విదేశీ రాయబారుల పత్రాలు స్వీకరించే నామమాత్రపు దేశాధినేత పాత్ర 1998 నుంచి 2019 వరకు కిమ్ యోంగ్ నామ్‌ది. 2018 ఫిబ్రవరిలో వింటర్ ఒలింపిక్స్‌కు దక్షిణ కొరియా వెళ్లిన బృందానికి నాయకుడు ఆయనే. కాబట్టి 2008 నాటి సంఘటన గురించి రాస్తూ ‘అప్పటి ఉత్తర కొరియా అధ్యక్షుడు కిమ్ జోంగ్ ఇల్’ అంటే అది సూటిగా తప్పు.

కిమ్ జోంగ్ ఉన్ విషయంలో తేదీ చూడకుండా హోదా రాయకూడదు. 2012లో ఆయన పార్టీకి ప్రథమ కార్యదర్శి, రక్షణ కమిషన్‌కు ప్రథమ ఛైర్మన్. తండ్రిని శాశ్వత ప్రధాన కార్యదర్శిని చేశారు గనుక కొడుక్కి ‘ప్రథమ’ అన్న విశేషణం మిగిలింది. 2016లో పార్టీ ఛైర్మన్, రాజ్య వ్యవహారాల కమిషన్ ఛైర్మన్ అయ్యారు. 2021 జనవరిలో పార్టీ ప్రధాన కార్యదర్శి పదవిని చేపట్టారు. ఆ మరుసటి నెల నుంచి ఉత్తర కొరియా అధికారిక వార్తాసంస్థ తన ఇంగ్లిష్ వార్తల్లో ‘ఛైర్మన్’ స్థానంలో ‘ప్రెసిడెంట్’ అని రాయసాగింది. కొరియన్ మాట మాత్రం మారలేదు. దక్షిణ కొరియా పత్రికలు నేటికీ ఆయనను కిమ్ ‘వివొన్‌జాంగ్’ అనే అంటాయి. అందువల్ల 2021 తర్వాతి వార్తలో ‘అధ్యక్షుడు కిమ్’ అనడాన్ని పూర్తిగా తప్పనలేం గానీ, అది ఎన్నికల ద్వారా వచ్చిన పదవి అనే భ్రమను కలిగిస్తుంది. తెలుగులో ఇప్పటికే వాడుకలో ఉన్న ‘అధినేత’ ఈ చిక్కులన్నిటికీ సరిపోయే మాట. ఏ పదవి పేరూ చెప్పకుండానే అధికారం ఎవరిదో చెబుతుంది, తాత తండ్రి మనవడు ముగ్గురికీ అతుకుతుంది. ‘సుప్రీం లీడర్’ అన్న మాటను తెలుగు లిపిలోకి ఎత్తి రాయడం కన్నా ఇదే నయం.

దక్షిణ కొరియాలో హోదాలు స్పష్టం. అధ్యక్షుడి పదవీకాలం అయిదేళ్లు, ఒక్కసారే. అయితే అక్కడ ప్రధానమంత్రి కూడా ఉంటారు, మన పాఠకుడు తడబడేది అక్కడే. భారత ప్రధాని స్థాయిలో ఆయనను ఊహించుకోకుండా, పార్లమెంటు సమ్మతితో అధ్యక్షుడు నియమించే వ్యక్తి అని మొదటి ప్రస్తావనలోనే ఒక ముక్క చెప్పడం అవసరం. ‘జాతీయ అసెంబ్లీ’ అన్న మాటను పార్లమెంటు అనే రాయాలి. అసెంబ్లీ అనగానే మనకు అమరావతో హైదరాబాదో గుర్తొస్తుంది.

అభిశంసన వార్తలలో హోదా రోజుల లెక్కన మారుతుంది. 2024 డిసెంబరు 3 రాత్రి సైనిక పాలన ప్రకటించినప్పుడు యూన్ సుక్ యోల్ అధ్యక్షుడు. డిసెంబరు 14న పార్లమెంటు 204 ఓట్లతో అభిశంసించాక ఆయన ‘అధికారాలు నిలిచిపోయిన అధ్యక్షుడు’, పదవి పోలేదు. ఆ రోజు వార్తలో ‘పదవీచ్యుతుడు’ అని రాసినవారు నాలుగు నెలలు ముందుకు దూకారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా తొలగించాకే ఆయన మాజీ అయ్యారు. ఈ మధ్యలో ప్రధానమంత్రి హాన్ డక్ సూ తాత్కాలిక అధ్యక్షుడై, తానూ అభిశంసనకు గురై, ఆర్థిక మంత్రి చోయ్ సాంగ్ మోక్‌కు బాధ్యత వెళ్లి, న్యాయస్థానం తీర్పుతో మళ్లీ హాన్‌కే వచ్చి, మే నెలలో ఆయన రాజీనామా చేశాక విద్యా మంత్రి లీ జూ హోకు చేరింది. 2004లో రో మూ హ్యున్ అభిశంసనకు గురై కూడా రెండు నెలల తర్వాత తిరిగి కుర్చీ ఎక్కారు. అభిశంసన వేరు, తొలగింపు వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అయిదో అడుగు: బంధుత్వం

ఇంగ్లిష్ ‘సిస్టర్’, ‘అంకుల్’, ‘బ్రదర్’ మాటలు తెలుగులోకి వచ్చేటప్పుడు విచారణ చేయాలి. కిమ్ యో జోంగ్ అధినేతకు చెల్లెలు. ‘సోదరి’ అంటే అక్కో చెల్లెలో తెలియదు. 2017 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ విమానాశ్రయంలో హత్యకు గురైన కిమ్ జోంగ్ నామ్ సవతి అన్న. 2013 డిసెంబరులో మరణశిక్షకు గురైన జాంగ్ సోంగ్ థేక్‌ను ఇంగ్లిష్ వార్తలు ‘అంకుల్’ అన్నాయి. దాన్ని బాబాయి అన్నా, మేనమామ అన్నా అబద్ధమే: ఆయన కిమ్ జోంగ్ ఇల్ చెల్లెలి భర్త, అంటే కిమ్ జోంగ్ ఉన్‌కు మేనత్త భర్త. వరసలు ఇంత పట్టింపుగా పాటించే భాషలో ఒక్క మాట జారితే తండ్రి వైపు మనిషి తల్లి వైపుకు వెళ్లిపోతాడు.

కూతురి సంగతి మరీ సున్నితం. 2022 నవంబరులో క్షిపణి ప్రయోగం దగ్గర తండ్రి చెయ్యి పట్టుకుని కనిపించినప్పటి నుంచి ఆమె ఫొటోలు వస్తున్నాయి. ఉత్తర కొరియా మీడియా ఆమెను ‘ప్రియమైన బిడ్డ’ వంటి మాటలతో ప్రస్తావించింది గానీ పేరు చెప్పలేదు. ‘జు ఏ’ అన్న పేరు 2013లో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు డెనిస్ రాడ్‌మన్ చెప్పగా లోకానికి తెలిసింది. కనుక ‘జు ఏగా భావిస్తున్న కుమార్తె’ అని రాయడం న్యాయం. ‘వారసురాలు’ అని రాయాలంటే ఆ అంచనా ఎవరిదో, దక్షిణ కొరియా నిఘా సంస్థదా మరొకరిదా, అదే వాక్యంలో ఉండాలి.

ఆరో అడుగు: క్రియ, విశేషణం

ఇక ‘అన్నారు’, ‘అన్నాడు’. ట్రంప్ అన్నారు, పుతిన్ అన్నారు, లీ అన్నారు అని రాసే పత్రిక, కిమ్ దగ్గరికి వచ్చేసరికి ‘అన్నాడు’ అంటే, ఆ ఒక్క అక్షరంలో సంపాదకీయం రాసేసినట్టే. ఆయన పాలన గురించి పాఠకుడికి కఠినమైన నిజాలు చెప్పాల్సి ఉంటే నిర్బంధ శిబిరాల గురించీ, మరణశిక్షల గురించీ, ఆకలి గురించీ ఆధారాలతో రాయవచ్చు. ఏకవచనం దేన్నీ నిరూపించదు. ఇద్దరు కొరియా నేతలకూ వార్తలో ‘ఆయన’, ‘అన్నారు’ అనే వాడాలన్నది నా పట్టుదల. వ్యాసంలోనో వ్యంగ్య రచనలోనో రచయిత స్వేచ్ఛ వేరు. అదే ధోరణిలో కిమ్ యో జోంగ్ ‘చెప్పింది’ అనకుండా ‘చెప్పారు’ అనాలి. భార్యలకూ ఇదే వర్తిస్తుంది.

‘నియంత’ అనేది అబద్ధపు మాట కాదు, కానీ అది వర్ణన, హోదా కాదు. ‘నియంత కిమ్’ అని పదవిలా పేరుకు ముందు తగిలించకుండా, పాలన స్వభావం చెప్పాల్సిన చోట వాక్యంలో వాడితే దాని బరువు నిలుస్తుంది. 2017లో ట్రంప్ అన్న ‘లిటిల్ రాకెట్ మ్యాన్’ ఆయన నోటి మాటగానే ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉండాలి. ‘మహానాయకుడు’, ‘ప్రియతమ నాయకుడు’ అన్న ఉత్తర కొరియా బిరుదులకూ అంతే. వ్యంగ్యంగా వాడినా కొటేషన్ లేకపోతే మన మాటలైపోతాయి.

ఈ మథనం మనకొక్కరికే లేదు. దక్షిణ కొరియాలో సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకుని, తర్వాత శిక్ష పడిన చున్ డూ హ్వాన్‌ను అనేక పత్రికలు ‘మాజీ అధ్యక్షుడు’ అనడం మానేసి, సామాన్యుడికి వాడే ‘స్సీ’ అన్న మాటతో ప్రస్తావించాయి. 2021 నవంబరు 23న ఆయన చనిపోయినప్పుడు మామూలు మరణపదం వాడాలా, గౌరవపదం వాడాలా అన్న చర్చ అక్కడ జరిగింది. మృతి, కన్నుమూత, అస్తమయం, శివైక్యం అని మనిషిని బట్టి మాట ఎంచుకునే మనకు ఆ తర్జనభర్జన సులువుగానే అర్థమవుతుంది.

రాజధాని పేరుతో ప్రభుత్వాన్ని సూచించేటప్పుడు సియోల్, ప్యాంగ్యాంగ్ రెండూ ఇబ్బంది లేనివి. సియోల్‌లోని అధ్యక్ష భవనం బ్లూ హౌస్‌తో మాత్రం జాగ్రత్త పడాలి: 2022 మేలో యూన్ కార్యాలయాన్ని యోంగ్‌సాన్‌కు మార్చారు, 2025 చివర్లో లీ తిరిగి బ్లూ హౌస్‌కు తెచ్చారు. ఆ మధ్యకాలపు నిర్ణయాలను ‘బ్లూ హౌస్ ప్రకటించింది’ అని రాయకూడదు.

చివరి అడుగు: ఒక కాపీని దిద్దడం

2025 జులై 28 నాటి ఒక వార్త ఇలా డెస్కుకు వచ్చిందనుకుందాం: ‘దక్షిణ కొరియా అధ్యక్షుడు జే మ్యుంగ్‌తో చర్చల ప్రసక్తే లేదని ఉత్తర కొరియా నియంత ఉన్ సోదరి కిమ్ తెగేసి చెప్పింది.’

ఇందులో రెండు పేర్లు సగానికి తెగాయి, ఒక కిమ్ ఎవరో తెలియదు, బంధుత్వం అస్పష్టం, క్రియలో మర్యాద తగ్గింది, మాట ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. దిద్దాక ఇలా ఉండవచ్చు: ‘దక్షిణ కొరియా అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ ప్రభుత్వం ఏ ప్రతిపాదన తెచ్చినా తమకు ఆసక్తి లేదని ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్ చెల్లెలు, అధికార వర్కర్స్ పార్టీ ప్రముఖురాలు కిమ్ యో జోంగ్ స్పష్టం చేశారు. ఆమె ప్రకటనను ప్రభుత్వ వార్తాసంస్థ కేసీఎన్‌ఏ సోమవారం విడుదల చేసింది.’ తర్వాతి పేరా నుంచి ఆయన ‘అధ్యక్షుడు లీ’. ఆమె మాత్రం చివరి వరకు ‘కిమ్ యో జోంగ్’గానే ఉండాలి, ఎందుకంటే ఆ వార్తలో అన్న కూడా కిమ్మే.